ఎంత అంటే, రెండు

మార్చి 4

తమ్ముడికి,

నిన్న ఫోన్ తెగిపోలేదు, నేనే పెట్టేశాను. సిగ్నల్ పోయిందా అని మీ బావకి మెసేజ్ పెట్టావట. సిగ్నల్ బాగానే ఉంది, నీ మాటే బాగాలేదు. ఇక మీదట చెప్పదలుచుకున్నది కాగితం మీద రాయి. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే ముందు నువ్వు అరుస్తావు, తర్వాత నేను అరుస్తాను, ఆ తర్వాత నాన్న పక్కగదిలోంచి ఎవరు గెలుస్తున్నారని అడుగుతారు. రాసుకుంటే కనీసం ఒకరు మాట్లాడుతున్నప్పుడు ఇంకొకరు ఊరుకుంటారు.

"కంట్రోల్ రూమ్ ఏం తక్కువక్కా, ఫోన్లు ఎత్తడమేగా, నీడపట్టున ఉండొచ్చు" అన్నావు. రేపటి నుంచి ఆట నేర్పొద్దు, బంతులకు గాలి కొట్టుకుంటూ నీడపట్టున ఉండు అని మీ స్కూలు వాళ్ళంటే నువ్వేం చేస్తావో రాయి.

విషయం ఇదీ, తిన్నగా చదువు. డిసెంబరులో గోదాము మంటలు ఆర్పి నిచ్చెన దిగుతుంటే ఎడమ పాదం మెట్టులో ఇరుక్కుంది, ఒళ్ళు పక్కకి ఒరిగింది. పాదం మధ్యలో ఎముకలు జరిగిపోయాయి. ఆపరేషన్ చేసి ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. పోయిన వారం పాదం కదలకుండా తొడిగిన బూటు తీశారు. లోపలున్న కాలు నాదేనని నమ్మడానికి కాసేపు పట్టింది. పిక్కలో కండ కరిగిపోయి, చర్మం పొట్టు లేచి, ఎవరో వాడి వదిలేసిన కాలులా ఉంది.

జూన్ చివర మా ఫైర్ సర్వీసు ఫిట్‌నెస్ పరీక్ష. హోస్ పైపు చుట్ట భుజాన వేసుకుని నిచ్చెన పైకంటా ఎక్కి దిగాలి. మనిషంత బరువున్న బొమ్మను ఈడ్చుకెళ్ళాలి. పాసైతే నిచ్చెన దళం మళ్ళీ నాది. లేకపోతే కంట్రోల్ రూమ్. నిచ్చెన మీద వెనక ఎక్కేవాళ్ళు ముందున్న మనిషి మడమలు చూసుకుంటూ ఎక్కుతారు. మా దళం ఇన్నేళ్ళూ నా మడమలు చూసుకుంటూ ఎక్కింది. ఆ చోటు నేను ఎవరికీ ఇవ్వను.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కింది అంతస్తులో, మందుల స్టోరు పక్క గదిలో. చేయించే అమ్మాయి చిన్న వయసుది, మహా నెమ్మదస్తురాలు. నేల మీద తువాలు పరిచి కాలివేళ్ళతో ముడవమంటుంది. గోలీలు వేళ్ళతో ఎత్తి గిన్నెలో వెయ్యమంటుంది. మంటల్లోకి వెళ్ళొచ్చినదాన్ని, కూర్చుని గోలీలు ఏరుకుంటున్నాను. ఏది చేసినా ముందొకసారి, తర్వాతొకసారి "నొప్పి పదికి ఎంతండీ?" అని అడుగుతుంది. అందుకే ఆమెకు ఎంతమ్మ అని పేరు పెట్టాను.

ఈ నడకన నేను జూన్‌కి చేరను. నువ్వు కోచ్‌వి కదా, పిక్కకీ పాదానికీ గట్టిగా పని చెప్పే కసరత్తులు రాసి పంపు. సలహాలు వద్దు.

కోపం తగ్గని,
అక్క


మార్చి 12

అక్కా,

క్షేమ సమాచారంతో మొదలుపెడదామనుకున్నాను. నీ ఉత్తరం ఇంకోసారి చదివి మానేశాను.

బంతులకు గాలి ఇప్పుడూ నేనే కొడుతున్నాను. ఈ ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో వాలీబాల్ కోచ్ అంటే నేర్పేవాడూ, నెట్ కట్టేవాడూ, పంపు కొట్టేవాడూ ఒక్కడే. కాబట్టి ఆ బెదిరింపు నా దగ్గర పనిచెయ్యదు.

నువ్వు పడిన సంగతి నాకు ఆపరేషన్ అయ్యాక తెలిసింది, అదీ బావ చెబితే. నాన్నకి ఫోన్ చేస్తే "కాలు బెణికింది, ఏం లేదు" అన్నారు. ప్లేటు వేసిన కాలిని బెణికిందనే మనిషితో ఒకే ఇంట్లో ఉంటున్నావు, జాగ్రత్త. కోచింగ్ మానేసి ఇన్నేళ్ళయినా ఆయన మెడలో ఆ ఈల ఉందా ఇంకా? నిన్ను వరండాలో నడిపిస్తూ ఊదుతుంటే మాత్రం తీసి దాచెయ్.

కసరత్తులు వేరే కాగితం మీద బొమ్మలతో సహా వేశాను. మొదట రెండు కాళ్ళ మీద మడమలు ఎత్తి, దెబ్బతిన్న కాలి మీద బరువు వేసి దిగడం. తర్వాత దిండు మీద ఒంటికాలితో నిలబడటం. చివరవి గెంతులు, నెట్ మీదికి ఎగిరి కొట్టే మా స్పైకర్లకు చేయించేవి. గెంతుల పక్కన ఎర్ర సిరాతో రాశాను: మీ ఎంతమ్మ సరేనన్నాకే. చదవలేదని తర్వాత అనొద్దు.

మేలో మా పిల్లలకు ఫైనల్స్ ఉన్నాయి. గట్టి పిల్లలు, ఒక్కరూ అబ్బా అనరు. వీళ్ళని చూస్తే నాన్న మెచ్చుకుంటారు.

తిట్లు అలవాటైన,
తమ్ముడు


ఏప్రిల్ 6

ఎర్ర సిరా మాస్టారికి,

నీ కాగితం వరండా గోడకి అంటించాను. నాన్న పెన్సిల్‌తో నీ బొమ్మలు దిద్దారు. మోకాలు అలా వంచితే మనిషి కాదు మిడత అన్నారు. ఈల దాచాను. ఇప్పుడు చప్పట్లు కొడుతున్నారు, అది ఇంకా పెద్దగా వినిపిస్తోంది. మనింటి కసరత్తుల మధ్యకి రాకుండా మీ బావ పేపరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోతున్నాడు.

ఒంటికాలి మీద మడమ లేచింది. ఎంతమ్మ చూసి ఇంత త్వరగా ఎవరూ లేపలేదంది. ఎంతండీ అంటే రెండు అన్నాను. సైకిలు అయింది, నీళ్ళలో నడక అయింది. గెంతులు కూడా మొదలయ్యాయి. మొదటి రోజు పాదంలో ప్లేటు మోగినట్టయింది, పళ్ళు బిగబట్టాను. అదీ రెండే.

నిన్న స్టేషన్‌కి వెళ్ళాను. నా చోట్లో మా దళంలో బక్కోడు ఎక్కుతున్నాడు. నా చేతి కింద పని నేర్చుకున్నవాడే, తప్పు పట్టను. కానీ వాడు నిచ్చెన మీద పాదం లోపలికి తిప్పి పెడతాడు. కింద నిలబడి చూస్తూ నోరు మూసుకోవలసి వచ్చింది. స్టేషన్ ఆఫీసర్ వచ్చి, తొందరేం లేదు, నింపాదిగా రండి అన్నారు. ఆ మాట మర్యాదగా అన్నారు కాబట్టి ఇంకా ఒళ్ళు మండింది. తొందర లేదంటే అవసరం లేదనే.

జూన్‌కి సిద్ధంగా ఉంటాను.

అక్క


ఏప్రిల్ 14

అక్కా,

శభాష్. ఎంతమ్మ ఇంత త్వరగా గెంతులకు ఒప్పుకుందంటే నువ్వు రాసినంత నెమ్మదస్తురాలేం కాదు. నేనైతే ఇంకొన్నాళ్ళు ఆగేవాణ్ని. ఆసుపత్రి వాళ్ళు, వాళ్ళకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

ఉత్తరం గ్రౌండులో పిల్లలకి చదివి వినిపించాను. మా అక్క కాలికి ప్లేటు వేసుకుని గెంతుతోంది, మీరు కాలివేలు నలిగిందని కూర్చుంటారా అన్నాను. లేచి పరిగెత్తారు.

మిడత అన్నందుకు నాన్న మీద నాకు కోపం వచ్చింది. చెప్పు.

తమ్ముడు


ఏప్రిల్ 30

తమ్ముడికి,

స్క్రూ విరిగింది.

రెండు రోజులుగా పాదం పైన ఎర్రగా ఉబ్బి చెప్పు పట్టలేదు. ఎక్స్‌రే తీశారు. ఒక స్క్రూ రెండు ముక్కలు, దాని పక్క ఎముకలో సన్నగా చీలిక. ఎముకలు జరగలేదు కాబట్టి మళ్ళీ కొయ్యక్కర్లేదట. మళ్ళీ బూటు, మళ్ళీ కర్రలు. జూన్ పరీక్ష లేదు. ఆగస్టులోపు గెంతు మాట ఎత్తొద్దన్నారు డాక్టరు. ఈ వయసులో ఇంత తొందరేమిటమ్మా అని కూడా అన్నారు. ఆయనకి నాకన్నా పదేళ్ళు ఎక్కువే ఉంటాయి, లిఫ్ట్ కోసం ఆగలేక మెట్ల మీద పరిగెడుతున్నాడు.

ఎవరి మీద కోపమో తెలియడం లేదు. అందుకని అందరి మీదా ఉంది. కాఫీ తెచ్చిన మీ బావ మీద కూడా.

ఇంతకంటే రాయలేను.


మే 5

అక్కా,

నువ్వు రాయక్కర్లేదు, నేను రాశాను. ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి ఫిర్యాదు పంపాను. ప్లేటు వేసిన కాలికి నాలుగు నెలలైనా నిండకుండా గెంతులు చేయించడం ఏ పుస్తకంలో ఉందని అడిగాను. మా స్కూలు డాక్టరుని అడిగి మరీ రాశాను, ఊరికే అరవలేదు. ఒక మనిషి ఉద్యోగం, పరువు పోతుంటే ఆ అమ్మాయి గోలీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుందని రాశాను. విచారణ జరపకపోతే పేపర్లకి ఎక్కిస్తానన్నాను.

నీ డిపార్ట్‌మెంటుకీ ఒక కాపీ పంపాను. ఇది నీకు పనికొస్తుంది. ఆసుపత్రి తప్పని తేలితే నీకు సెలవు పొడిగించి, డిసెంబరులో మళ్ళీ పరీక్ష పెడతారట. మీ ఆఫీసులో కనుక్కున్నాను. నిచ్చెన ఎక్కడికీ పోదు.

తమ్ముడు ఊరికే లేడు అని తెలియడానికి రాస్తున్నాను. థాంక్స్ చెప్పక్కర్లేదు.

తమ్ముడు


మే 14

నా తరఫున యుద్ధం చేసే వీరుడికి,

నిన్ను అడిగానా?

ఎంతమ్మను పేషెంట్లను చూడకుండా ఆపేశారు. విచారణ అయ్యేదాకా స్టోరు గదిలో కట్లు, పట్టీలు సర్దే పని ఇచ్చారు. ఎక్స్‌రే కోసం వెళ్తే వసారాలో ఎదురైంది. ఏడవలేదు, తిట్టలేదు. గోడకి ఆనుకుని నిలబడి అడిగింది: "నేను అడిగిన ప్రతిసారీ రెండు అన్నారు. నిజంగా రెండేనా?"

నేను కర్రలు సర్దుకుంటూ లిఫ్ట్ ఎక్కేశాను.

ఇప్పుడు నీకు చెప్పాల్సినవి చెబుతాను. గెంతులు ఆమె చేయించలేదు. ఆమె అప్పటికి గోలీలూ సైకిలూ నీళ్ళలో నడకా దాటలేదు. గెంతినది వరండాలో, నీ కాగితం చూసి, నాన్న చప్పట్లకి. నువ్వు ఎర్ర సిరాతో రాసింది చదివాను, ఆమెను అడగలేదు, అడిగితే వద్దంటుందని తెలుసు. నువ్వు ఆమే ఒప్పుకుందనుకుని శభాష్ అన్నావు. దిద్దబుద్ధి కాలేదు. పాదం వాపు ఆమె చూసింది కూడా. ఏం చేశారండీ అని అడిగింది. వంటింట్లో ఎక్కువసేపు నిలబడ్డానన్నాను. నొప్పి ఎంతండీ? రెండు.

అది నా తప్పు. నీ వంతు ఇప్పుడు విను.

మన చిన్నప్పుడు గ్రౌండు చివర నాన్న నిలబడి ఒక్కొక్కర్నీ నొప్పి ఎంత అని అడిగేవారు. రెండు అంటే ఇంటికి. రెండు దాటిందా, ఒళ్ళింకా వేడెక్కలేదు, ఇంకో రౌండు. నీకు చీలమండ బెణికిన రోజు నువ్వు ఎనిమిది అన్నావు. కుంటుతూ ఇంకో రౌండు కొట్టావు, నేను నీ పక్కన పరిగెత్తాను. ఆ తర్వాత నువ్వు గానీ నేను గానీ రెండు దాటి ఏ అంకె చెప్పలేదు. పన్ను పీకించుకున్నా రెండే. నేను కాన్పు నొప్పులు పడుతున్నప్పుడు నర్సు అడిగితే రెండు అన్నాను, ఆవిడ ఇంకా టైముందని టీ తాగడానికి వెళ్ళింది.

ఏప్రిల్‌లో నీకు రాశాను, ప్లేటు మోగింది, పళ్ళు బిగబట్టాను, రెండు అని. ఎంతమ్మకి తెలియదు. డాక్టరుకి తెలియదు. ఆ రెండు అంటే ఎంతో ఈ భూమ్మీద నీకొక్కడికే తెలుసు. నువ్వు చదివి, నీ పిల్లలకి కూడా చదివి, వాళ్ళని పరిగెత్తించావు.

ఇంకోటి. నిన్న స్టేషన్ ఆఫీసర్ ఇంటికి వచ్చారు. ఈ నెలాఖరున విచారణ, మా డిపార్ట్‌మెంట్ డాక్టరు కూడా కూర్చుంటారు. ఆసుపత్రి తప్పయితే డిసెంబరులో నాకు పరీక్ష. నొప్పి దాచానని నేనే చెబితే అది నా ఫైల్లోకి ఎక్కుతుంది. దెబ్బ దాచిన మనిషిని నిచ్చెన మీదికి ఎక్కించకూడదని మా రూలు. ఆ రూలు నేనే కొత్తవాళ్ళకి చదివి వినిపిస్తాను. "మీరేం చెప్పాలో నేను చెప్పను. ఏది చెబితే ఏం జరుగుతుందో చెబుతున్నాను" అన్నారు ఆఫీసర్. ఆయన వెళ్ళాక కర్ర విసిరి కొట్టాను, నాన్న తీసుకొచ్చి మళ్ళీ పక్కన పెట్టారు.

ఫిర్యాదు వెనక్కి తీసుకో. నన్ను ఈ గొయ్యిలోంచి నువ్వే తియ్యాలి, తవ్వింది నువ్వే కాబట్టి.

అక్క


మే 20

అక్కా,

ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కుదరదు. అడిగాను. విచారణ వేశాక అది నా చేతిలో లేదట.

నా మీద పడ్డావు, సరే. అబద్ధం ఆడింది నువ్వు, వరండాలో గెంతింది నువ్వు, వాపు దాచింది నువ్వు. ఎనభై మైళ్ళ అవతల కూర్చుని ఉత్తరం చదివినవాడిది తప్పా? రెండు అని నువ్వు రాస్తే, నలభై దాటిన ఆడమనిషి, పెద్ద ఉద్యోగంలో ఉన్న మనిషి, నిజమే రాస్తుందనుకున్నాను. అలా అనుకోవడం కూడా నేరమేనా?

నా మాట విను. విచారణలో నోరు విప్పకు. అడిగినదానికి గుర్తులేదు అను. ఆ అమ్మాయికి వయసుంది, ఇక్కడ కాకపోతే ఇంకోచోట పని దొరుకుతుంది. నీకు నిచ్చెన మళ్ళీ దొరకదు. పచ్చిగా చెబుతున్నాను, తమ్ముణ్ని కాబట్టి.

మే 23

పైన రాసింది పోస్టు చెయ్యలేదు. కొట్టేయడమూ లేదు, అన్నది అన్నట్టు ఉండనీ.

రాసిన సాయంత్రమే ప్రాక్టీసు అయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎంత అని అడిగాను. ఒకటి, రెండు, ఒకటి, రెండు, సున్నా. సున్నా అన్నది మా స్పైకర్, నేను చూస్తుండగానే కుడికాలు ఆనించలేక ఎత్తి పెడుతోంది. నేను ఎప్పుడూ ఇంకో రౌండు అనలేదక్కా, ఈల కూడా కొనలేదు. మరి వీళ్ళకి ఈ అంకెలు ఎవరు నేర్పారు?

అందరినీ కళ్ళు మూసుకోమన్నాను. మాట్లాడొద్దు, నొప్పి ఎంతో వేళ్ళు ఎత్తండి, పక్కవాళ్ళు చూడరు, నేనొక్కణ్నే చూస్తాను అన్నాను.  తర్వాత ఒక్కొక్క చెయ్యీ లేచింది. నాలుగు, ఆరు. మా స్పైకర్ రెండో చెయ్యి కూడా ఎత్తింది.

ఎక్స్‌రేలో ముంగాలి ఎముకకి సన్నటి పగులు. ఫైనల్స్‌కి దాన్ని తీసేశాను. హెడ్‌మిస్ట్రెస్ నా మీద అరిచింది, దాని తండ్రి ఫోన్ చేసి అరిచాడు, ఆ పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. ఓడిపోతాం. నీ మీద నాకు ఎంత కోపంగా ఉందో చెప్పలేను. నువ్వా ఉత్తరం రాయకపోతే గెలిచేవాళ్ళం.

విచారణకి ఏం చేస్తావో నీ ఇష్టం.

తమ్ముడు


జూన్ 3

తమ్ముడికి,

విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండో అంతస్తులో మీటింగ్ గది. పొడవు బల్ల, ఒకవైపు సూపరింటెండెంటు, మా ఆపరేషన్ డాక్టరు, మా డిపార్ట్‌మెంట్ డాక్టరు. ఈవైపు ఎంతమ్మ, నేను. నాన్న వస్తానని పట్టుబట్టారు, వెనక కుర్చీలో కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, మెడల్ ఇచ్చే సభకి వచ్చినట్టు.

ముందు నీ ఫిర్యాదు చదివారు. బాగా రాశావు, పాడుగాను. తర్వాత ఎంతమ్మని అడిగారు. గెంతులు నేను చెప్పలేదు, వాపు చూసి అడిగాను, నొప్పి రెండని చెప్పారు, ఆ రెండుని నమ్మి బరువు పెంచాను అంది. నమ్మడం నా పొరపాటేమో అంది. అప్పటిదాకా గుర్తులేదు అనే అందామనుకుని వెళ్ళాను. నువ్వు రాసిన మాటే. ముందు రాత్రి అద్దం ముందు అని చూసుకున్నాను కూడా. ఆ పిల్ల తన పొరపాటేమో అనగానే నాకు కోపం ముంచుకొచ్చింది. ఆమె మీద కాదు.

"రెండు కాదు. ఏడు, ఎనిమిది. మొదటి రోజు నుంచీ" అన్నాను. వరండా సంగతి, నీ కాగితం సంగతి, వంటింటి అబద్ధం, అన్నీ వరసగా చెప్పాను, స్టేషన్లో రిపోర్టు ఇచ్చినట్టు. ఎందుకు దాచారని మా డాక్టరు అడిగారు. జూన్ పరీక్ష కోసం అన్నాను. అదొక్కటేనా అన్నారు. మా ఇంట్లో రెండు దాటితే ఇంకో రౌండు అన్నాను. ఆయన తల గోక్కున్నారు. వెనక కుర్చీ కిర్రుమంది.

ఎంతమ్మను ఆ రోజే మళ్ళీ పనిలో పెట్టారు. బయట వసారాలో నాకు థాంక్స్ చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "మీ కాలు నేనే చూస్తాను, వేరేవాళ్ళకి ఇవ్వను. కానీ మీ మొహం చూసి, పాదం నొక్కి చూశాకే మీ అంకె నమ్ముతాను" అంది. చిన్నపిల్ల దగ్గర ఇంత మాట పడి తల ఊపి వచ్చాను.

నాన్న బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. డిపార్ట్‌మెంట్ నిర్ణయం ఇంకా రాలేదు. వచ్చేది ఏదో నాకు తెలుసు.

అక్క


జూన్ 11

అక్కా,

ఓడిపోయాం. అది పక్కన పెట్టు.

నేను గుర్తులేదు అనమన్నాను, నువ్వు అనలేదు. మంచి పని చేశావని రాయడానికి చెయ్యి రావడం లేదు, ఎందుకంటే నిచ్చెన పోతుంది. పోతే నాకు నీకన్నా ఎక్కువ కోపం వస్తుంది. ముందే చెబుతున్నాను.

నాన్న ఇంటికొచ్చాక ఏమన్నారు? అన్నీ రాసి అది రాయలేదు.

తమ్ముడు


జూలై 28

తమ్ముడికి,

ముందు ఉద్యోగం సంగతి. ఆర్డరు వచ్చింది. నిచ్చెన దళం నుంచి తీసేశారు. కంట్రోల్ రూమ్. ఏడాది తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. ఇస్తామనీ రాయలేదు, ఇవ్వమనీ రాయలేదు. సామాను తెచ్చుకోవడానికి స్టేషన్‌కి వెళ్ళాను. మా వాళ్ళు జాలిపడతారు, నాలుగు మంచి మాటలంటారు అనుకున్నాను. బక్కోడు హెల్మెట్ తుడుస్తూ తలెత్తకుండా అన్నాడు: "లీడర్, మీరు ఆ కాలితోనే జూన్‌లో ఎక్కేవారు. పైన జారితే మీ కింద ఉండేది నేను." ఇన్నేళ్ళలో వాడు నాతో గొంతు పెంచడం అదే మొదలు.  బీరువా తాళం బల్ల మీద పెట్టి వచ్చేశాను. దారంతా వాణ్ని తిట్టుకున్నాను. ఒక్క తిట్టు కూడా వాడికి అతకలేదు.

ఇక నాన్న. విచారణ తర్వాత చాలా రోజులు వరండాలోకి రాలేదు. నీ కాగితం గోడ మీంచి ఆయనే చించేశారు. ఒక రోజు నేను కర్రలు లేకుండా వంటింటి దాకా నడుస్తుంటే గుమ్మంలో నిలబడి, "నాకు చెప్పొచ్చుగా" అన్నారు. అప్పుడు అరిచాను. ఇన్నేళ్ళది అంతా కలిపి అరిచాను, మీ బావ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. తమ్ముడు ఎనిమిది అని చెప్పిన రోజు ఏం చేశావు, ఇంకో రౌండు కొట్టించావు కదా అన్నాను. నాన్నని నువ్వు అని పిలిచానని తర్వాత తెలిసింది.

ఆయన గుమ్మం పట్టుకుని ఆలోచించారు. తప్పించుకోవడానికి కాదు, నిజంగానే గుర్తు తెచ్చుకున్నారు. "ఆ తర్వాత వాడు మళ్ళీ అనలేదుగా. నువ్వూ అనలేదు. తగ్గిపోయిందనుకున్నాను" అన్నారు.

 ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఇన్నేళ్ళూ మన ఇద్దరికీ ఎక్కడా నొప్పి లేదనే ఆ మనిషి నమ్మాడు, తను నేర్పిన పద్ధతి పనిచేసిందని నమ్మాడు. దీనికి ఎలా కోప్పడాలో నువ్వే చెప్పు. నాకు దారి దొరకడం లేదు, కోపం మాత్రం ఉంది.

బూటు తీశారు. నిన్న మళ్ళీ కింది అంతస్తు గదికి వెళ్ళాను. ఎంతమ్మ మొదటి నుంచి మొదలుపెట్టింది: తువాలు, గోలీలు. తర్వాత కుర్చీ పట్టుకుని రెండు కాళ్ళ మీద మడమలు ఎత్తమంది. నాన్న కూడా వచ్చారు, గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆమె నా మొహం చూసింది, పాదం పైన బొటనవేలితో నొక్కింది, ఎంతండీ అంది. నాలుక చివర రెండు ఉంది. ఐదు అన్నాను.

వెంటనే ఆపేసింది. కాలు కింద దిండు పెట్టి, ఐసు ముక్కల సంచి వేసింది. నేను ఇంకా చెయ్యగలను, బలం ఉంది, చెమట కూడా పట్టలేదు. రెండు అని ఉంటే ఇంకొన్ని చేసేదాన్ని. నిజం చెప్పినందుకు మధ్యాహ్నమంతా ఖాళీగా కూర్చోబెట్టింది. ఒళ్ళు మండిపోయింది.

గుమ్మం దగ్గర్నుంచి నాన్న అడిగారు, "ఇంతేనా?"

"ఇవాళ్టికి ఇంతేనండీ. రేపు రండి" అంది ఎంతమ్మ.

నాన్న నా వైపు చూశారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను ఆయన పక్షాన ఉన్నాను, ఆయనకా సంగతి తెలుస్తూనే ఉంది. ఐసు కరిగేదాకా కూర్చున్నాను. తర్వాత పాదం తుడుచుకుని, చెప్పులు వేసుకుని, రేపు ఏ టైముకి రమ్మంటారని అడిగాను.

అక్క